కలకూ కంగారే!

కల కంటూనే అది కలేనని తెలుసుకోవడాన్ని ‘లూసిడ్ డ్రీమ్’ అంటారు. 1913లో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చిన డచ్చి మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్, 1898 నుంచి 1912 దాకా డైరీకెక్కించిన అలాంటి కలలు 352. లెక్కేస్తే నెలకు రెండే!

ఇలాంటి కలలు నేర్పే యాప్ పెట్టుకున్న మన వీరుడికి మాత్రం మూడో రాత్రికల్లా కలలో ఆకాశంలో ఎగిరిపోవాలి. ‘ఇది కలా, నిజమా’ అంటూ పగలంతా చేతివేళ్లు లెక్కపెట్టుకుంటాడు. తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెడతాడు. దాని మోతకు ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు.

కల ఒక్కటే రాదు.

1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో అలన్ వర్స్‌లీ అనే వ్యక్తి నిద్రలోంచే కళ్లు కుడిఎడమలకు తిప్పి, కలలో ఉన్నానని పరిశోధకుడు కీత్ హెర్న్‌కు సైగ చేశాడు. మనవాడూ తిప్పుతున్నాడు కళ్లు. మధ్యాహ్నం మూడింటికి, ఆఫీసు మీటింగులో!