సర్వనామంకష: ఒక అపార్ట్‌మెంటు గమనికకు టీకా తాత్పర్యం

అవతారిక

మల్లినాథసూరి మెదకుసీమ కొలిచెలమ వంశంవాడు. కాళిదాసుకు సంజీవని, మాఘానికి సర్వంకష రాశాడు. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అన్నది ఆయన నియమం. అందులో రెండో సగాన్ని యథేచ్ఛగా ఉల్లంఘిస్తూ, లిఫ్టు పక్క గోడకు టేపుతో అంటించిన ఒకానొక గద్యానికి ‘సర్వనామంకష’ అనే ఈ వ్యాఖ్య రచించడమైనది. కృతికర్త కమిటీ కార్యదర్శి. కృతిభర్తలు సకల ఫ్లాట్ల యజమానులు, అద్దెదారులు. కావ్యవస్తువు నీళ్ళ లీకు. ఆ మాట మాత్రం కావ్యంలో ఎక్కడా లేదు.

మూలం

‘అందరికీ గమనిక. నిన్న ప్లంబరును తీసుకుని మూడో అంతస్తు వారు నాలుగో అంతస్తు వారి ఇంటికి వెళ్ళగా వారు దానిని చూసి అది వారిది కాదన్నారు. ఆవిడతో మాట్లాడాక కాసేపు ఆగి మళ్ళీ వచ్చింది. కావున మనం దానిని బాగుచేయించాలని నిర్ణయించడమైనది. ఖర్చు ఎవరిది వారే భరించగలరు. ఇట్లు, కమిటీ.’

ప్రతిపదార్థం

నిన్న = గమనిక రాసిన నాటికి ముందురోజు (తేదీ వేయలేదు కనుక ఎప్పుడు చదివినా నిన్నే); వారు = మూడో అంతస్తు వారు, లేక నాలుగో అంతస్తు వారు, లేక గౌరవార్థంలో ప్లంబరు గారు; దానిని = దేనినో; అది = ఆ దేనినో అన్నదే; వారిది కాదు = పై ముగ్గురిలో ఒకరిది కాదు; ఆవిడతో = ఇంతవరకు కథలో ప్రవేశించని ఒక స్త్రీతో; ఆగి మళ్ళీ వచ్చింది = ఆవిడే వచ్చింది, లేక మరేదో వచ్చింది; భరించగలరు = భరించే శక్తి గలవారు (ఇది కమిటీ వారి నమ్మకం).

అన్వయం

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలన్నారు శాస్త్రకారులు. ఒక పదం మరో పదాన్ని కోరాలి, ఆ రెంటికీ అర్థంలో పొత్తు కుదరాలి, రెండూ దగ్గరగా ఉండాలి. ఇక్కడ ‘వారు’ అనగానే ‘ఎవరు?’ అనే ఆకాంక్ష పుడుతుంది. సన్నిధిని బట్టి చూస్తే నాలుగో అంతస్తు వారు. పైపు చూసి తీర్పు చెప్పే యోగ్యతను బట్టి చూస్తే ప్లంబరు. వెళ్ళినవారే చూశారనుకుంటే మూడో అంతస్తు వారు. ముగ్గురూ హక్కుదారులే.

ఇక ‘వారిది’. చెప్పేవారు తమ గురించే చెబితే తెలుగులో ‘తమది’ అనాలి. నాలుగో అంతస్తు వారు ‘తమది కాదన్నారు’ అంటే అనుమానానికి తావులేదు. ‘వారిది’ అంటే మరొకరిది. ఆ లెక్కన ముగ్గురు వక్తలకు ఇద్దరిద్దరు చొప్పున 6 అర్థాలు. ఈ నియమాన్ని లోకం అంతగా పాటించదు కనుక 9 అనుకున్నా తప్పులేదు. లీకు ప్లంబరుది కాదని మూడో అంతస్తు వారు తేల్చిచెప్పారనే అర్థం కూడా వ్యాకరణ సమ్మతమే. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఎంతో శ్రమపడి రెండు కథలు నడిపాడు. మన కార్యదర్శి ఏ శ్రమా లేకుండా తొమ్మిది నడిపారు.

వ్యాకరణ విశేషాలు

1. ‘వారు’ తెలుగులో బహువచనమూ అవుతుంది, ఒక్కరిని గౌరవించే మాటా అవుతుంది. స్త్రీపురుష భేదం దానికి లేదు. ఇన్ని పనులు చేసే పదం ఒక్క వాక్యంలో మూడు నాలుగు చోట్ల వస్తే ఎవరి పని ఎవరిదో తెలియదు. ‘వాడు చూసి’ అని ఉంటే ప్లంబరని తెలిసేది, కాని మర్యాద పోయేది. ‘ప్లంబరు చూసి’ అంటే మర్యాదా ఉంటుంది, అర్థమూ ఉంటుంది.

2. తెలుగు క్రియ కర్తను తనలోనే దాచుకుంటుంది. ‘వచ్చాను’ అంటే ‘నేను’ అక్కరలేదు, ‘వచ్చావు’ అంటే ‘నువ్వు’ అక్కరలేదు. ఈ సౌకర్యం ‘వచ్చింది’ దగ్గర చెయ్యిస్తుంది. ఏకవచనంలో స్త్రీకి, జంతువుకు, వస్తువుకు క్రియారూపం ఒకటే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం చదివిన వారికి మహత్తు, అమహత్తు అనే విభాగం గుర్తుండే ఉంటుంది. ఆవిడ వచ్చింది, పిల్లి వచ్చింది, కరెంటు వచ్చింది. బహువచనంలోకి వెళితేనే స్త్రీలు మనుషుల జట్టులో చేరి ‘వచ్చారు’ అవుతారు. కనుక ‘వచ్చింది’ అని రాసే ముందు కర్తను బయటపెట్టడం క్షేమం. ఇక్కడ వచ్చింది నీరు. ఆవిడ ఇల్లు కదలలేదు.

3. ‘మనం’ అంటే వినేవారు కూడా లెక్కలోకి వస్తారు. ‘మేము’ అంటే రారు. తమిళంలోనూ నామ్, నాంగళ్ అని ఈ తేడా ఉంది. ఇంగ్లీషు, హిందీ సర్వనామాలకు ఈ భాగ్యం లేదు. ‘మనం బాగుచేయించాలి’ అనడంతో ఖర్చు అందరి నెత్తిన పడింది. మరుసటి వాక్యంలో ‘ఎవరిది వారే’ అన్నారు. ఇది పూర్వోత్తర విరోధం.

4. ‘నిర్ణయించడమైనది’లో కర్త అదృశ్యం. సభ తీర్మానించిందో, కార్యదర్శి ఒక్కరే అనుకున్నారో తెలియదు. ఆఫీసు తెలుగులో ఈ ప్రయోగం బాధ్యత నుంచి తప్పుకునే దారి. వ్యాఖ్యాత కూడా అవతారికలో ‘రచించడమైనది’ అన్నది అందుకే.

అలంకార విచారం

దీన్ని శ్లేష అనవచ్చునా? అనరాదు. శ్లేషలో రెండర్థాలూ కవి కోరినవే. ఇక్కడ కార్యదర్శి కోరింది ఒక్కటే, అదీ పాఠకునికి చేరలేదు. కనుక ఇది అలంకారం కాదు, సందిగ్ధమనే దోషం.

పూర్వపక్షం: ప్లంబరు, ప్లంబరు అని మాటిమాటికీ రాస్తే పునరుక్తి దోషం కాదా?

సిద్ధాంతం: కాదు. పద్యంలో పునరుక్తి చెవికి వెగటు. గమనికలో సందిగ్ధం జేబుకు చేటు. ఒకే లింగంవారు, ఒకే వచనంవారు ఇద్దరు ఎదురుగా ఉన్నప్పుడు సర్వనామం ఎవరినీ పట్టి ఇవ్వలేదు. అప్పుడు పేరే శరణ్యం. పేరు మరీ పొడుగైతే ‘ఆ పైపు’, ‘ఈ ఖర్చు’ అని నామవాచకాన్ని వెంట ఉంచుకోవాలి. ఒంటరి ‘అది’ కన్నా ‘ఆ పైపు’ ఒక్క మాటే ఎక్కువ, తగాదాలు చాలా తక్కువ.

శుద్ధపాఠం (కార్యదర్శిని అడిగి పరిష్కరించినది)

‘302 ఫ్లాటు గోడ మీద నీరు కారుతోంది. 12వ తేదీన 302 యజమాని ప్లంబరును 402కు తీసుకువెళ్ళారు. ప్లంబరు 402 పైపులు చూసి, లీకు ఆ పైపులది కాదన్నారు. 402 యజమానురాలు వాల్వు కట్టేశాక నీరు కాసేపు ఆగి మళ్ళీ వచ్చింది. లీకు ఉమ్మడి పైపుదని ప్లంబరు తేల్చారు. ఉమ్మడి పైపును కమిటీ బాగుచేయిస్తుంది. ఈ ఖర్చును అన్ని ఫ్లాట్లూ సమానంగా పంచుకోవాలి.’

తాత్పర్యం

రాసేవారికి జరిగింది తెలుసు కనుక ప్రతి ‘వారు’ వెనకా ఒక ముఖం కనిపిస్తుంది. చదివేవారికి ఆ రెండక్షరాలే కనిపిస్తాయి. శుద్ధపాఠంలో ఒంటరి ‘వారు’, ‘అది’ ఒక్కటీ లేవు. 302 పేరు రెండుసార్లు, 402 పేరు మూడుసార్లు వచ్చాయి. ఎవరికీ వెగటు పుట్టదు.

ఫలశ్రుతి

గమనిక, వీలునామా, ఫిర్యాదు, పంచనామా రాసే మహాశయులారా! రాసినది అంటించే ముందు, సంతకం చేసే ముందు, ఆ వేళ అక్కడ లేని ఒక మనిషికి చదివి వినిపించండి. ఆ మనిషి ‘ఎవరు?’, ‘ఏది?’ అని అడిగిన ప్రతిచోటా సర్వనామం కొట్టేసి పేరు రాయండి. తేదీ వేయడం కూడా మరవకండి.