మునగచెట్టు మీద పంపకాలు

మాఘమాసం వచ్చిందంటే మా గోదావరి వైపు ముహూర్తాలకి కొదవుండదు. ఊళ్ళో పందిళ్ళు లేస్తుంటాయి, మా పెరట్లో తేనెపెట్టెల్లోని సంసారాలు విడిపోతుంటాయి. పెళ్ళి ముహూర్తానికి పంతులుగారు కావాలి. ఈగల ముహూర్తానికి ఎవరూ అక్కర్లేదు. మామిడి పూత మీదుండాలి, మబ్బులేని ఎండ కాయాలి, పొద్దున్న పదికీ మధ్యాహ్నం రెండుకీ నడుమ నేను చొక్కా తొడుక్కుని ఎక్కడికో బయల్దేరాలి. ఈ మూడూ కలిశాయంటే చాలు, వాకిట్లోంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ వేలకొద్దీ ఈగలు గాల్లోకి లేస్తాయి.

మా తాతగారి పెంకుటింటి పంపకాల దావా ఇంకా కోర్టులో ఉంది. వేసినవాళ్ళు పోయారు, వాయిదాలు బతికే ఉన్నాయి. అందుకే కాబోలు, పుట్టతేనెటీగల పంపకాలంటే నాకు మొదట్నించీ ముచ్చట. ఇల్లు నిండి, మంది పెరిగి, ఊపిరి సలపనప్పుడు అక్కడ ఇల్లు ఖాళీ చేసేది పెద్దావిడే. కట్టిన పట్టు, నిలవున్న తేనె, గదుల్లో పాకుతున్న పిల్లలు, సమస్తం ఇంకా గది దాటి బయటికి రాని కూతురికి వదిలేసి, సగంమందినో అంతకంటే ఎక్కువమందినో వెంటబెట్టుకుని కట్టుబట్టలతో వెళ్ళిపోతుంది. మరీ ఉత్తచేతులతో ఏం కాదు లెండి, ప్రతి కూలి ఈగా బయల్దేరేముందు కడుపునిండా తేనె పట్టించే కదులుతుంది.

ఇదేదో రాణిగారి త్యాగం అనుకునేరు. కూలి ఈగలే ముందునుంచీ ఆవిడకి మేత తగ్గించి, గుడ్లు పెట్టడం మాన్పించి, ఎగరడానికి వీలుగా ఒళ్ళు తగ్గించి, ఆ రోజున వాకిట్లోకి నెట్టుకొస్తాయి.

దీన్ని ఆపడానికి మనిషి పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. నా పెట్టెలు న్యూటన్ రకానివి. ఆపిలుపండు న్యూటన్ కాదు. 1910లలో తిరుచిరాపల్లి వైపు ఉండి, మన చిన్న ఈగకి సరిపడే చిన్న పెట్టె తయారుచేసిన ఫాదర్ న్యూటన్. మూత తీసి, కొబ్బరిపీచు పొగ కాస్త పట్టి, చట్రం ఎత్తి వెలుతురుకేసి పట్టుకుంటే ఇంటిగుట్టంతా బయటపడుతుంది. ముందు పోతు ఈగల గదులు చూడాలి. మన పుట్టతేనెటీగ ఆ గదులమీద వేసే మూతకి నట్టనడుమ సూదిమొనంత చిల్లు ఉంటుంది. అలాంటివి గుత్తులుగా కనబడ్డాయంటే లోపల సంబంధాల మాటలు మొదలయ్యాయన్నమాట. తర్వాత పట్టు కింది అంచు చూడాలి. గదులన్నీ అడ్డంగా ఉంటే అక్కడ ఒకటి మాత్రం నిలువుగా, నోరు నేలవైపు పెట్టి వేలాడుతుంటుంది. లోపల తెల్లటి చిక్కటి మేతలో కాబోయే రాణి ముడుచుకుని పడుంటుంది. గోటితో గిల్లేయొచ్చు. గిల్లితే ఇంకోచోట కడతారు. అదీ గిల్లితే నా కళ్ళజోడుకి అందని మూల చూసుకుని కడతారు.

అసలు మందు వేరే ఉంది. పైన తేనె గది ఎక్కించి చోటివ్వాలి, లేదా పెద్దమనిషి హోదాలో మనమే ముందుగా పంపకాలు చేసెయ్యాలి. పాత రాణినీ, పిల్లలున్న రెండు మూడు చట్రాలనీ కొత్త పెట్టెలోకి మార్చి, రాణిగది ఉన్న చట్రాన్ని పాతదాంట్లో ఉంచితే ఒక ఇల్లు రెండవుతుంది. చాలా సంసారాలు దీంతో శాంతిస్తాయి. శాంతించనివి పక్కింటి బాబాయిగారి మునగచెట్టు ఎక్కుతాయి.

ఇన్ని చెట్లుండగా మునగే ఎందుకో నాకిప్పటికీ తెలీదు. కాకి వాలినా విరిగే కొమ్మలు. గుంపు ముద్దగా కట్టి వేలాడుతుంటే వీధి వీధంతా సలహాలు పట్టుకుని వచ్చేసింది. నీళ్ళు కొట్టమన్నారు, మంట పెట్టమన్నారు. పిన్నిగారు స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చి వాయించడం మొదలెట్టారు. నవ్వకండి, రెండువేల ఏళ్ళ కిందట రోము కవి వర్జిల్ కూడా గుంపు దిగడానికి తాళాలు మోగించమనే రాశాడు. వాయించినా వాయించకపోయినా గుంపు దగ్గర్లో ఏదో కొమ్మమీద దిగే తీరుతుంది. పేరు పళ్ళేనికి వస్తుంది.

ఈలోగా బాబాయిగారు హక్కుల ప్రస్తావన తెచ్చారు. "ఏవోయ్, నా చెట్టుమీద వాలినవి నావి కావూ?"

"కావు బాబాయిగారూ. 533లో కాన్‌స్టాంటినోపుల్‌లో జస్టీనియన్ చక్రవర్తి శాసనంగా రాయించాడు. చెట్టుమీద పిట్ట గూడు కట్టినంత మాత్రాన పిట్ట మీదవుతుందా? ఈగలూ అంతే, పెట్టెలోకి ఎక్కించినవాడివే."

"అలాగా. కొమ్మ విరిగితే ఎవడు కట్టాలో కూడా రాయించాడా ఆ మహానుభావుడు?"

రాయించలేదనుకుంటాను.

గుంపుని చూసి జనం హడలిపోతారు గానీ, తేనెటీగ అంత మెత్తగా ఉండే సమయం ఇంకోటి లేదు. కాపాడుకోవడానికి ఇల్లు లేదు, పిల్లల్లేరు, కడుపులో తేనె ఉంది. పైగా అప్పుడు దాని ధ్యాసంతా అద్దె ఇంటి మీద. అనుభవమున్న కొన్ని ఈగలు తొర్రలూ గోడకంతలూ చూసొచ్చి, గుంపు మీదే నాట్యం చేసి చిరునామా చెబుతాయి. ఈ సంగతి పట్టుకున్నవాడు మార్టిన్ లిండావర్. 1949లో మ్యూనిక్‌లో ఒక గుంపు మీద మసి కొట్టుకుపోయిన ఈగలు నాట్యమాడుతుంటే చూసి, ఇవి పూలదగ్గర్నుంచి కాదు, పొగగొట్టంలోంచి వస్తున్నాయని కనిపెట్టాడు. ఆ తర్వాత అమెరికాలో థామస్ సీలీ తేల్చిందేమంటే, ఇల్లు ఎంత బాగుంటే నాట్యం అన్నిసార్లు సాగుతుందట. నచ్చినవాళ్ళు వెళ్ళి స్వయంగా చూసొస్తారట. ఒకచోట తగినంత మంది పోగయితే అక్కడితో బేరం ఖాయం. రాణిగారిని ఎవరూ అడగరు. మనవాళ్ళయితే ఈశాన్యం పెరిగిందా లేదా అన్నదగ్గరే ఆగిపోయేవారు.

వాళ్ళ బేరం కుదిరేలోపు మనం పని కానిచ్చెయ్యాలి. కింద వెదురుగంప పట్టుకుని కొమ్మని ఒక్క ఊపు ఊపాలని శాస్త్రం. ఊపాను. గుంపు గంపలో పడింది, కొమ్మ నా భుజంమీద పడింది, మునక్కాయలు పిన్నిగారి కొంగులో పడ్డాయి. కొమ్మ తగవు అక్కడితో చల్లారింది.

పెట్టెలోకి ఎక్కించగానే అయిపోలేదు. పుట్టతేనెటీగకి అలక జాస్తి. చీమ పాకినా, మైనపుపురుగు చేరినా, ఎండ తగిలినా, మేత చాలకపోయినా చెప్పాపెట్టకుండా మొత్తం సంసారం లేచిపోతుంది. అందుకని స్టాండు కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు, సాయంత్రం పంచదార పాకం, ఇంకో పెట్టెలోంచి అరువు తెచ్చిన పిల్లల చట్రం. పిల్లలున్న ఇల్లు వదిలి వెళ్ళడానికి వాటికి మనసొప్పదు. వాకిలికి రాణి గేటు కూడా బిగించాను. కూలి ఈగ దూరుతుంది, రాణి దూరలేదు. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో ఈ జాతిని దాదాపు తుడిచిపెట్టేసింది. ఖాళీ పెట్టెల వరస చూసినవాడెవడూ ఒక్క గుంపుని కూడా చేజేతులా వదులుకోడు.

వారం గడిచాక ఒక రాత్రి పాత పెట్టెకి చెవి ఆనించి విన్నాను. మొదట బయటపడ్డ కూతురు పీఁ... పీఁ... అని సాగదీస్తోంది. ఇంకా గదుల్లోనే ఉన్న చెల్లెళ్ళు లోపల్నుంచి బొంగురుగొంతుతో బదులిస్తున్నారు. ఆ తర్వాత జరిగేది ఏమిటంటే, కొత్త గుంపుతో ఎవరో ఒకరు ఎగిరిపోకపోతే, అక్కగారు గదులు వెతుక్కుంటూ పోయి చెల్లెళ్ళని వరసగా పొడిచి చంపుతుంది. మా దావా మీద నాకు ఒక్కసారిగా గౌరవం పెరిగింది. ఇన్నేళ్ళు నడిచినా ఎవరూ ఎవరినీ పొడవలేదు.

మర్నాడు బాబాయిగారు గోడ మీంచి తొంగిచూశారు. "తేనె ఎప్పుడోయ్?"

చెప్పాను. కొత్త కాపురం కదా, ముందు పట్టు కట్టుకోవాలి, మైనం ఊరాలంటే తేనె తినాలి, కానుగ పూత అందుకుంటే, చింతపూత కలిసొస్తే, ఏ అలకా లేకపోతే, కిలోనో రెండు కిలోలో చూడొచ్చు.

అంతా ఓపిగ్గా విన్నారు. "సరే, తొందరేం లేదు" అని, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన డబ్బా ఒకటి గోడ మీంచి అందించి వెళ్ళారు. ఐదు లీటర్ల మంచినూనె డబ్బా.