ఒకే పని ఎక్కడుంది సామీ?

2025 నవంబరు 21తో ఆడోళ్ళ కష్టాలు తీరిపోయాయి. వేతనాల కోడ్ అమల్లోకొచ్చింది, పండగ చేసుకోండి. 1976లో సమాన వేతనాల చట్టం వచ్చినప్పుడూ ఇదే పండగ. ఇప్పుడు దాన్ని రద్దు చేసి, అదే మాటకు కొత్త అట్ట వేశారు.

మా కార్వేటినగరం మామిడి తోపుల్లో కోడ్‌ను మీరే పాపాత్ముడూ లేడు. మీరాల్సిన అవసరమే లేదు! ఒకే పనికో, అలాంటి పనికో ఒకే కూలి ఇవ్వాలంటుంది కోడ్. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత సమానమైతేనే సుమా. మావోళ్ళు అంతకన్నా తెలివైనోళ్ళు. చెట్టెక్కి చిక్కంతో కోసేది మొగోడు, అది 'కోత'. కింద కాయలేరి, గంపకెత్తి, నెత్తిన మోసి, మచ్చకాయలు వేరు చేసేది ఆడమనిషి, అది 'చిల్లర పని'. బెంగళూరా కాయ సొన పడితే చర్మం పొక్కి నల్లబడుతుంది. ఆ చేతులతోనే రాత్రికి సంగటి కెలకాలి. ఏ కాయ రెండ్రోజులు ఆగుతుందో, ఏది లారీలోనే కుళ్ళుతుందో ఒత్తి చూసి చెబుతుందామె. అది నైపుణ్యం కాదంట, ఆడోళ్ళకు 'అలవాటే'నంట.

చెనక్కాయ చేలోనూ ఇదే శాస్త్రం. పొద్దస్తమానం నడుం వంచి కలుపు తీస్తే 'తేలిక పని'. ట్రాక్టరు సీట్లో కూర్చుంటే 'బరువు పని'. కూర్చునేదాంట్లో ఏం బరువో, ఏ కాటా మీద తూచారో!

ఈ కిటుకు చేలకే పరిమితం కాదు. క్రికెట్ బోర్డూ 2022లో మ్యాచ్ ఫీజు సమానం చేసింది. ఏడాది కాంట్రాక్టు మాత్రం అప్పట్లో పై గ్రేడు మగవాడికి 7 కోట్లు, ఆడపిల్లకు 50 లక్షలు.

సిగ్గుండాలి. ఆడమనిషి చెయ్యి పడితే చాలు, ఆ పని ధర దిగిపోతుంది. ఇది పక్కా దోపిడీ. 2006లో బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పనిలో ఇద్దరికీ ఒకటే రేటు పెడితే ఏ కొండ విరిగిపడింది? అక్కడ మస్టరు ఉంది, ఇచ్చేది సర్కారు.

ఇక్కడి సంగతి వేరు. కోడ్‌లో తనిఖీ చేసేవాడి పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. కొన్ని తప్పులకైతే మొదటిసారి కేసు పెట్టే ముందు, సరిదిద్దుకోండి సారూ అని యజమానికి రాతపూర్వకంగా అవకాశమివ్వాలి. ఐదుగురికి మించి కూలీలను పెట్టుకోని రైతుకు రిజిస్టరూ అక్కర్లేదు, కూలి చీటీ అక్కర్లేదు. ఉన్నదల్లా మేస్త్రీ జేబులోని నోటుబుక్కు. దాంట్లో 'మొగ 2, ఆడ 3' అని ఉంటుంది, పేర్లుండవు. ఇక ఫిర్యాదు ఎవరి పేరున రాసుకుంటారో?