మా మేడమీద సీసం కొలిమి

ప్రశాంతత వెతుక్కుంటూ దేశదేశాల జనం పుట్టపర్తికి వస్తారు. 1950లో ప్రశాంతి నిలయం వెలసినప్పటి నుంచీ వస్తూనే ఉన్నారు. ఆ ఊళ్ళోనే సొంత ఇల్లూ, ఇంటిమీద మేడా, మేడమీద పడక్కుర్చీ ఉన్న నాకు మాత్రం అది దక్కలేదు. కారణం మా బామ్మర్ది. ఆయనగారు మా మేడమీద సీసం పోత పోస్తున్నారు.

తుపాకీ గుళ్ళా అని అడగకండి. ఆ ప్రశ్న వీధంతా అడిగేసింది. సీమలో ఒక ఇంటి మేడమీద పొగ లేచి, "సీసం కరగబెడతాండారంట" అన్న మాట బయటికి పొక్కితే జనం మనసు ఎటు పోతుందో వేరే చెప్పాలా? ఎదురింటి పెద్దాయన గేటు దగ్గర నన్ను ఆపి, గొంతు తగ్గించి, "ఏమప్పా, ఎవరితోనన్నా చెడిందా?" అన్నాడు. శెనక్కాయ చేలో అడవిపందుల బాధ పడుతున్న ఇంకొకాయన మరీ ముందుకు పోయి, "పందులకైతే నాకూ ఓ పిడికెడు పెట్టుప్పా" అన్నాడు. విజయనగరం కూలాక 1565 తర్వాత పెనుకొండ రాజధాని అయింది కదా, ఇప్పుడు ఆ రాజ్యానికి మందుగుండు శాల మా ఇంట్లో తెరిచామనుకున్నారు కాబోలు.

లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 నాటి ఆయుధాల చట్టం ఊరుకోదు. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. మావాడు పోస్తున్నవి గాలానికీ విసురువలకూ కట్టే గుండ్లు. బుక్కపట్నం చెరువులో చేపలు పట్టడానికి! ఈ సంగతి వీధిలో ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పుకుంటున్నాను. చెప్పేకొద్దీ వాళ్ళకు అనుమానం పెరుగుతోంది.

ఆ గుండ్లు బజారులో దొరకవా అంటే దొరుకుతాయి. పెద్ద ధరేమీ కాదు. "సొంతంగా పోసుకుంటే ఖర్చు కలిసొస్తుంది బావా" అన్నాడు. ఆ ఖర్చు కలిసిరావడానికి ఒక ఇనుప మూకుడు, పొడుగు కాడ గరిటె, విడి స్టవ్వు, దానికో సిలిండరు, తోలు చేతితొడుగులు, కళ్ళద్దాలు, వేడి చూసే సాధనం, అచ్చులు కొన్నాడు. డబ్బు ఎవరిదో అడగకండి. ఇంతా చేసి తెచ్చినవి జానెడుకు మించని జిలేబి చేపలు. మన చెరువుల్లో చేపలమీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలది. అంటే ఆ జిలేబి కూడా న్యాయంగా మాది కాదు.

రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, ఇనుముకు 1538. సీసానికి 327 చాలు. అంత సులువుగా లొంగే లోహం గనకనే అది బామ్మర్దుల చేతికి చిక్కింది. పైగా నీటికంటే పదకొండు రెట్లు పైచిలుకు బరువు. చిన్న గుండు కట్టినా వల చటుక్కున అడుగుకు దిగుతుంది. ఈ గుణాలన్నీ నాకు భోజనాల దగ్గర చెప్పాడు.

మొదట వాడి కన్ను మా పాత ఇన్వర్టర్ బ్యాటరీ మీద పడింది. "లోపలంతా సీసమే బావా, పగలగొడితే చాలు." పగలగొడితే ముందు బయటికొచ్చేది గంధకామ్లం. పలకల్లో ఉండేది ఒట్టి సీసం కాదు, యాంటిమొనీ వగైరా కలిపి ఉంటాయి. వాటిని ఇంట్లో కాలిస్తే వచ్చే ఆవిరి పీల్చదగ్గది కాదు. నేను బ్యాటరీకి అడ్డంగా నిలబడ్డాను. అప్పుడు టైర్ల షాపుల వెంట తిరిగి, చక్రాల అంచులకు బిగించి తీసేసిన చిన్న బరువుల్ని సంచీలో వేసుకొచ్చాడు. వాటిలో కొన్ని ఇనుము, కొన్ని జింకు. జింకు 419 డిగ్రీల దాకా కరగదు గనక మంట అదుపులో పెట్టి దాన్ని ముందే ఏరేయాలి. కలిసిందంటే సీసం ముద్దకట్టి అచ్చులోకి సరిగా దిగదు. ఏరడానికి ఓపిక కావాలి, మావాడికి లేదు. అందుకే పోసినవి పోసినట్టు మళ్ళీ మూకుడులోకే వెళ్ళేవి.

మా అత్తగారు మాత్రం సంబరపడిపోయారు. కొడుకు కళాయి పెడుతున్నాడనుకుని ఇత్తడి గిన్నెలన్నీ మేడమీదికి చేరవేశారు. కళాయికి వాడేది తగరమనీ, ఇది తిండిగిన్నె దరిదాపులకు కూడా రాకూడనిదనీ చెప్పి, ఆ గిన్నెలు నేనే కిందికి మోశాను.

ఇక చీర సంగతి. కరిగిన సీసంలో నీటిబొట్టు పడితే క్షణంలో ఆవిరై వెయ్యిరెట్లకు పైగా ఉబ్బుతుంది, సీసాన్ని చిమ్ముతుంది. అచ్చు తడిగా ఉన్నా అంతే. అవతల దండెం మీద మా ఆవిడ ధర్మవరం పట్టుచీర ఆరుతోంది. చుక్క మనిషిమీద పడకుండా చీరమీద పడింది. తమ్ముణ్ణి ఒక్కమాట అనలేదు. "మీరు మేడకు తాళం ఎందుకు వెయ్యలేదు?" అని నన్ను అడిగింది.

చీర పోతే కొనుక్కోవచ్చు. అసలు భయం సీసం కరిగిస్తే మిగిలే బూడిదరంగు పొడితో. అది చేతికంటి, బట్టకంటి, అన్నంలోకి వస్తుంది. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. పసిపిల్లలైతే మింగినదాంట్లో పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ ఒంటికి పట్టించుకుంటారు, దెబ్బ మెదడుకు తగులుతుంది. ఇంత వరకైతే ఫరవాలేదు అనే హద్దు లేనేలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. ఇంగ్లండులో గాలాలవాళ్ళు వదిలేసిన సీసపు గుండ్లు మింగి హంసలు చస్తున్నాయని 1987లోనే చిన్న గుండ్లమీద నిషేధం పెట్టారు. హంసకున్న పాటి విలువ మా ఇంట్లో నాకు లేదు.

ఇది వివరించబోతే బామ్మర్ది, "నేను బయట గాలిలోనే పోస్తున్నాను గదా బావా" అన్నాడు. ఆ బయట గాలిలోనే నా పడక్కుర్చీ ఉంది. మనవరాలు పాకేదీ అక్కడే. దాంతో మేడకు తాళం వేశాను. చెవి నా మొలతాడుకు ఉంది. సరంజామా గోనెసంచిలో కట్టించాను. వాడు అలిగి హిందూపురం పోయాడు, అక్కడ స్నేహితుడి షెడ్డు ఉందట.

కాబట్టి హిందూపురం వాసులకు నా మనవి. 2022 నాటి నియమాల ప్రకారం పాత బ్యాటరీని చెత్తలో పారేయకూడదు, వాటిని సేకరించేవారికే అప్పగించాలి. మీ ఇంట్లో ఉంటే ఈ వారమే ఇచ్చేయండి. నవ్వు మొహంతో ఒక కుర్రాడు వచ్చి సీసం ఉందా అని అడిగితే, లేదని చెప్పండి.