గైడు కన్నా ముందు తాడు

మా ధర్మపురిలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఉద్యోగ సలహా ఉచితం, టీకే డబ్బులు. "మీ అక్క కొడుకును ఫైర్ సర్వీసుకు రాయమనన్నా. పరీక్ష భలే సులభం, పదో తరగతి చాలు" అంటారు. చెప్పేవాళ్లలో ఒక్కడూ ఫైర్‌మన్ కాడు, అది వేరే సంగతి.

సులభమన్న మాట అబద్ధమేం కాదు. తమిళనాడు యూనిఫార్మ్‌డ్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు పోలీసు కానిస్టేబులుకూ, జైలు వార్డరుకూ, ఫైర్‌మన్‌కూ కలిపి ఒకటే పరీక్ష పెడుతుంది. దొంగను పట్టేవాడికీ, పట్టినవాణ్ణి కాపలా కాసేవాడికీ, మంటలార్పేవాడికీ ఒకే ప్రశ్నపత్రం! 45 మార్కులకు జనరల్ నాలెడ్జి, 25 మార్కులకు సైకాలజీ. సైకాలజీ అంటే ఎదుటివాడి మనసు చదవడం అనుకునేరు. లెక్కలు, లాజిక్కు, చుట్టరికాల చిక్కుముళ్లూను.

ఆ చుట్టరికాల దగ్గరే మావాడు బోల్తాపడ్డాడు. "ఫొటోలో ఉన్నావిడ మా అమ్మ ఒక్కగానొక్క తమ్ముడి భార్య. నాకేమవుతుంది?" లాంటి ప్రశ్నకు తక్కినవాళ్లు 'అత్త' అని గుండ్రం నింపేసి ముందుకు పోతారు. మావాడు పెన్ను పట్టుకుని ఆగిపోతాడు. ఎందుకంటే వాళ్లమ్మకు ఒక్కగానొక్క తమ్ముణ్ణి నేనే. నేను చేసుకున్నది మా అక్క పెద్దకూతుర్నే. ఆవిడ వాడికి అత్తా అవును, సొంత అక్కా అవును. నన్ను మామూలుగా మామా అంటాడు, డబ్బులు కావాల్సొస్తే బావా అంటాడు.

వీటికి తోడు 80 మార్కుల తమిళ అర్హత పరీక్ష. అందులో 32 రాకపోతే తక్కిన పేపరు దిద్దరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాకు అలవాటే గనక, మావాడు తెలుగులో దణ్ణం పెట్టుకుని తమిళంలో గట్టెక్కాడు.

అసలు తంటా ఆ సులభంతోనే. మనకు సులభమైతే పక్కవాడికీ సులభమే కదా! పదో తరగతి చాలన్న ఉద్యోగానికి ఇంజినీరింగు చదివినవాళ్లూ వచ్చి కూర్చుంటారు.

ఇక గ్రౌండు. 1500 మీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి. ఛాతీ 81 సెంటీమీటర్లుండి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. ఇవన్నీ అయ్యాక తాడు. 5 మీటర్లు ఎక్కితే ఒక స్టారు, 6 ఎక్కితే రెండు. మావాడు తోపులో చింతచెట్టుకు తాడు కట్టి సాధన మొదలెట్టాడు. అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే వాళ్లక్క ముద్దలు పెట్టింది. అంటే, వాళ్లత్త.

"మంటకు నీళ్లు కావాలి గానీ తాడెందుకు మామా?" అన్నాడు. మా పక్క గట్టులేని పొలం బావులెన్నున్నాయో వాడికి తట్టలేదు. ఫైర్ బండి గంట కొట్టుకుంటూ పోతోందంటే ఎక్కడో కొంప అంటుకుందనే అనుకోనక్కర్లేదు. బావిలో ఆవు పడి ఉండొచ్చు, వంటింట్లో పాము దూరి ఉండొచ్చు. ఆవైతే ఒకడు తాడు పట్టుకుని దిగి దాని పొట్టకింద పట్టీ వేయాలి, పైనున్నవాళ్లు లాగాలి. కొమ్ములాడించే ఆవు ముందు సైకాలజీలో 25కి 25 వచ్చినా పనికిరావు.

కాబట్టి మీ ఇంట్లో ఈ పరీక్ష రాసే కుర్రాడుంటే గైడు కన్నా ముందు తాడు కొనండి. మీ ఆవు బావిలో పడితే 101కి ఫోన్ చేయండి. మావాడి కోసం చూడకండి, వాడికింకా ఐదో మీటరు అందలేదు.