అర్జీ మీద నా పేరు

నా ఉద్యోగమంతా గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయి ఆఫీసులో, రిజిస్టర్ల మధ్యే గడిచింది. మస్టర్లు వేశాను, కార్మికుల వివరాలుండే ఫారం-బి రిజిస్టరు చూశాను, సెలవుల లెక్కలు కట్టాను. ఏ కాగితం ఎక్కడ పుడుతుందో, ఎవరి సంతకంతో కదులుతుందో, చివరికి ఏ అల్మారాకు చేరుతుందో మా వాడకట్టులో నాకంటే తెలిసినవాళ్లు లేరని నా నమ్మకం. అలాంటివాడిని సమాచార హక్కు దరఖాస్తు రాయాల్సి వచ్చేసరికి ఏ రిజిస్టరూ ఎన్నడూ చూడనివాడిలా రాశాను. నష్టపోయింది నేను కాదు. నన్ను నమ్మి కాగితాల సంచి నా చేతిలో పెట్టిన ఒక చెల్లె.

సింగరేణి ప్రాంతంలో మారుపేర్ల బాధ తెలియనివాళ్లు తక్కువ. ఊళ్లో ఒక పేరున్న మనిషి బాయిలో ఇంకో పేరుతో చేరాడు. కొందరు అన్న పేరు మీద చేరిన తమ్ముళ్లు, కొందరు పనికి రాకుండా పోయినవాడి పేరు మీద చేరినవాళ్లు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ఏ పేరైతేనేం, జీతం చేతికొస్తే చాలు. మనిషి పోయి, కొడుక్కి వారసత్వ ఉద్యోగం అడగబోయినప్పుడు ఆ రెండు పేర్లూ అడ్డం తిరుగుతాయి. ఫారం-బిలో ఒకటి, ఊరి పహాణీలో మరొకటి. ఈ ఇద్దరూ ఒక్కడే అని రుజువు చేసే బరువు భార్య మీద పడుతుంది.

మా వెనక గల్లీ చెల్లెది సరిగ్గా ఇదే కథ. భర్త కోల్ ఫిల్లరు. సర్వీసులో ఉండగానే పోయాడు. కొడుకు ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. వారసత్వ ఉద్యోగానికి వయసు పరిమితి ఉంటుంది కనుక ఆ ఇంట్లో ప్రతి పుట్టినరోజూ భయమే. ఒకరోజు వచ్చి, ‘అన్నా, నువ్వైతే ఆఫీసుల మనిషివి. నాకు సదువు రాదు. గా కాయితాలు నువ్వే తెప్పియ్యి’ అంది.

ఆ మాట నా తలకెక్కింది. దరఖాస్తు నా పేరు మీదే రాశాను. రిటైరైన ఉద్యోగిని, నా సంతకం చూస్తే పని తొందరగా అవుతుందనుకున్నాను. ఆమె భర్త సర్వీసు రికార్డు మొత్తం నాకు ఇవ్వమని అడిగాను. మీరు అడిగింది వేరొకరి వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వలేం అని జవాబొచ్చింది. అప్పుడు మండిపడ్డాను. ఇవాళ చెబుతున్నాను, ఆ అధికారి చేసిందే సరి. ఎవడు పడితే వాడు అడిగితే ఒక కార్మికుడి సర్వీసు పుస్తకం ఇచ్చేయడం తగదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ సెక్షన్‌ను ఇంకా బిగించింది కూడా. అదే కాగితాన్ని భార్యగా ఆమె, మరణ ధ్రువపత్రం జతపెట్టి, తన పేరుతో అడగాల్సింది. నేను ఆమె హక్కును నా పేరు మీద రాసుకున్నాను.

ఆమెకు రాయడం రాదు కదా అన్నది నా సాకు. దానికీ చట్టంలో దారి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) ప్రకారం, రాసివ్వలేనివారు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి ప్రజా సమాచార అధికారే సాయం చేయాలి. ఎందుకు అడుగుతున్నావని నిలదీయకూడదని 6(2)లో ఉంది. అసలు ఈ చట్టానికి పునాది వేసినవాళ్లలో చదువురాని కూలీలే ఎక్కువ. రాజస్థాన్‌లో 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీలు, తమకిచ్చిన కూలికీ కాగితాల్లో రాసిన కూలికీ పొంతన లేదని మస్టర్ రోళ్లు చూపించమన్నారు. 1994 డిసెంబరులో కోట్ కిరానాలో ఊరందరి ముందు లెక్కలు చదివించారు. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా కూర్చున్నారు. మస్టరు కోసం సాగిన పోరాటం అది. మస్టర్లు రాసి కుటుంబాన్ని పోషించుకున్న నాకు అది తెలియకపోవడం ఎంత సిగ్గు!

రెండో దరఖాస్తు ఇంకా అన్యాయం. ఆమె అత్తగారి ఊరు ఉన్న మండలానికి రాశాను. రాశాననడం కంటే తిట్టాననడం నయం. ‘ఈ కుటుంబం ఇన్నేళ్లుగా ఎందుకు ఇబ్బంది పడుతోంది? ఇద్దరూ ఒకరే అని ఎందుకు ధ్రువీకరించరు? బాధ్యులెవరు?’ ఇలా రెండు పేజీలు. రాస్తున్నప్పుడు నా మాటల వాడికి నేనే మురిసిపోయాను. అడిగిన రూపంలో సమాచారం మా కార్యాలయంలో లేదని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. ఆ జవాబులోనూ తప్పు లేదు. ఆఫీసులో ఉన్న కాగితం ఇవ్వడమే సమాచార అధికారి పని. లేని కాగితాన్ని తయారుచేయడం, అభిప్రాయం చెప్పడం, సంజాయిషీ ఇవ్వడం ఆయన పని కాదని సుప్రీంకోర్టు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో తేల్చింది. గోడు చెప్పుకోవాలంటే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంది. సమాచార హక్కు దరఖాస్తులో మాత్రం ఫలానా రిజిస్టరు, ఫలానా ఏడు, ఫలానా సర్వే నంబరు, దాని నకలు అని అడగాలి.

జవాబు అందిన 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. అదీ చేయలేదు. నాకు అవమానమైందనుకున్నాను. గడువు దాటినా తగిన కారణం చూపితే అప్పీలు తీసుకునే వీలుంది, ఆ ప్రయత్నమూ చేయలేదు. తప్పు దిద్దుకుని, కొత్త దరఖాస్తు పెట్టడానికి ఎవరూ అడ్డు లేరు. అదీ పెట్టలేదు. సంచి మా ఇంట్లో బీరువా మీద ఉండిపోయింది. ఆమె కూరగాయల సంతలో కనబడి, ‘అన్నా, కాయితమేమన్న వచ్చెనా?’ అనేది. ‘నడుస్తున్నది చెల్లె’ అనేవాణ్ని. నడిచేది ఏదీ లేదు. దరఖాస్తు తప్పు రాయడం తెలివితక్కువ, అంతే. కానీ ఆ ‘నడుస్తున్నది’ ఉంది చూశారా, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ మాట నమ్మి ఆమె ఇంకొకరి దగ్గరికి పోలేదు.

ఆ ముడి విప్పింది డిగ్రీ చదువుతున్న ఆమె కూతురు. సంచి తీసుకుపోదామని వచ్చి, నా దరఖాస్తులు చదివి, కోపం లేకుండా ఒకే ప్రశ్న అడిగింది: ‘మామా, మనకు అసలు ఏ కాయితం గావాలె?’ నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లే నోట్‌బుక్కు తీసి, నాన్న పేరు ఎక్కడెక్కడ రాసి ఉండవచ్చో అమ్మను అడిగి రాసుకుంది. బడి, భూమి, ఓటు, రేషన్, ఆయన చెల్లెలి పెళ్లికి అమ్మిన పొలం.

ఆ ఊరు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు విస్తరణలో ఖాళీ అయింది. ఊరు పోతే రికార్డూ పోయిందనుకోవడం నేను చేసిన మరో పొరపాటు. ఊరు పోయినా పహాణీ బతికే ఉంటుంది. కాకపోతే ఎక్కడుందో వెతకాలి. 1985కు ముందు మండలాలు లేవు, తాలూకాలే. 2016 అక్టోబరులో కరీంనగర్ నుంచి పెద్దపల్లి జిల్లా విడిపోయినప్పుడు మండలాలూ మళ్లీ చీలాయి. దరఖాస్తు ఒకచోట పెడితే కాగితం మరోచోట ఉందనుకోండి, సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో దాన్ని సంబంధిత కార్యాలయానికి వాళ్లే పంపాలి. కొత్త దరఖాస్తు ఆమె వేలిముద్రతో, ఆమె పేరుతో వెళ్లింది. రికార్డును స్వయంగా చూసుకునే అవకాశమూ కోరాం. అది కూడా ఈ చట్టం ఇచ్చిన హక్కే, మొదటి గంటకు రుసుము లేదు. దరఖాస్తుకు గ్రామ స్థాయి ఆఫీసులో ఏమీ కట్టక్కరలేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు.

1954-55 ఖాస్రా పహాణీ బల్ల మీద పరిచారు. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, సిరా గోధుమరంగుకు తిరిగింది. పట్టాదారు గడిలో ఆమె మామ పేరు. ఆమెకు అక్షరాలు రావు గానీ, కూతురు చదివినప్పుడు ఆ గడి మీద వేలు పెట్టి కాసేపు తీయలేదు. నిజాం కాలపు భూమి రికార్డు సేత్వార్ ఉర్దూలో ఉంది. దాన్ని పాత ఉద్యోగి ఒకాయన చదివిపెట్టాడు. మూతపడ్డ బడి అడ్మిషన్ రిజిస్టరు పక్క ఊరి బడిలో దొరికింది. అందులో తండ్రి పేరుతో సహా మనిషి అసలు పేరు ఉంది.

ఇవన్నీ ఊళ్లో ఆయనకున్న పేరును రుజువు చేశాయి గానీ రెండు పేర్లనూ కలపలేదు. కలిపిన కాగితానికి సమాచార హక్కే అవసరం లేకపోయింది. పొలం అమ్మిన దస్తావేజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్నీ దాని సూచికనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. 1998 చివర్లో కంప్యూటర్లు రాకముందటి దస్తావేజు కావడంతో పేర్ల సూచికలో చేత్తో వెతికారు. అమ్మినవారి పేరు దగ్గర, బాయిలో పేరు, ‘అలియాస్’, ఊళ్లో పేరు, తండ్రి పేరు, వృత్తి సింగరేణి కార్మికుడు. కింద వేలిముద్ర. నేను రెండు పేజీల తిట్లు రాస్తున్న రోజుల్లోనూ ఆ దస్తావేజు ఆ పుస్తకంలోనే ఉంది. మారుపేరుతో ఇబ్బంది పడుతున్న కుటుంబాలు ముందు అక్కడే వెతకాలి. పేదవాడు కోర్టు మెట్లు ఎక్కకపోయినా, ఎప్పుడో ఒక గుంట భూమి కొనో అమ్మో ఉంటాడు. దస్తావేజు రాసే పంతులు రెండు పేర్లూ రాసి ఉండే అవకాశం ఉంది.

సర్వీసు రికార్డు నకళ్లు కూడా ఈసారి భార్యగా ఆమె పేరు మీద వచ్చాయి. అన్నీ జతచేసి ఆమె పెట్టుకున్న అర్జీ విచారణలో ఉంది. ఏం తేలుతుందో చెప్పలేను. నేను బీరువా మీద పెట్టి పోగొట్టిన కాలం మాత్రం ఆ పిల్లవాడి వయసులో కలిసిపోయింది, దాన్ని ఏ అప్పీలూ వెనక్కి ఇవ్వదు.

ఇది అచ్చుకు పంపేముందు వెళ్లి ఆమెతో చెప్పాను. అప్పట్లో ఏదీ నడవలేదని, నడుస్తున్నదని అబద్ధమాడానని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘నాకు ఎరుకే అన్నా. గిప్పుడు గదెందుకు? సోమవారం కలెక్టరాఫీసుకు పోవాలె, నువ్వు వస్తవా, పోరిని తోలుకపోనా?’ అంది. పోరినే తోలుకపొమ్మన్నాను. కాగితాలు వరస ప్రకారం సర్దిపెట్టి, ప్రతిదానికీ రెండేసి జిరాక్సులు తీయించి ఇచ్చాను.