‘టెంటు నాది’ (టీకా తాత్పర్య విశేష సహితము)

అవతారిక: కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు, మా గ్రూపు కవికి నేను దొరికాను. ఎవరి ప్రాప్తం వారిది. విజయవాడలో ఒక నెలాఖరు శుక్రవారం సాయంత్రం నలుగురు మిత్రుల ఫోన్లలో ఒకేసారి దిగిన ఆటవెలది ఇది. ఋషికొండలో సర్ఫింగు, భీమిలి దగ్గర తెలిసినవాళ్ల సరుగుడు తోటలో మకాం, ఆదివారం రాత్రికి ఇల్లు. ఇదీ ఇతివృత్తం.

టెంటు నాది, కారు డీజిలు మీదిరా,
తలకు రెండు వేలు దాటరాదు,
బోర్డులద్దెకుండు, పొద్దుటే మునుగుదాం,
అలలకేమి ఖర్చు, హాయిహాయి!

ప్రతిపదార్థం: టెంటు = ఇద్దరు పట్టే గుడారము; నాది = కవి బావగారిది; కారు డీజిలు = విశేషం చూడుడు; మీది = తక్కిన ముగ్గురిది; రా = ఓరీ; రెండు వేలు = టోలు, టీలు మినహా రెండు వేలు; దాటరాదు = దాటును; పొద్దుటే = పదకొండున్నరకు; మునుగుదాం = కవి వాక్శుద్ధి.

తాత్పర్యం: ఓ మిత్రులారా! గుడారమిచ్చుటచే నా వంతు తీరినది. మిగిలినది మీరు చూచుకొనుడు.

విశేషం: ‘కారు డీజిలు’ దగ్గర పెద్ద వివాదముంది. షష్ఠీ తత్పురుషమైతే ‘కారు యొక్క డీజిలు’. అంటే బండి కవి తెస్తాడు, ఆయిలు మనం పోయిస్తాం. ద్వంద్వమైతే ‘కారును, డీజిలును’. రెండూ మనవే. మేం ముగ్గురం తత్పురుషాన్ని నమ్ముకున్నాం. రాత్రి పదింటికి బెంజి సర్కిల్ దగ్గర కవి భుజాన టెంటు సంచితో, వట్టి కాళ్లతో నిలబడి కనిపించాక ద్వంద్వమే సాధువని తేలింది. ఇక, ‘మీది’ అని బహువచనం వేసి ‘రా’ అని ఏకవచనంలో పిలవడం దోషం కదా అంటే, కాదు. డబ్బు దగ్గర గౌరవం, మిగతాచోట చనువు.

‘తలకు’ అన్నచోట కవి దూరదృష్టి గమనించదగ్గది. శనివారం రాత్రి గుడారంలో పట్టినవి తలలే. నాలుగు జతల కాళ్లూ బయట ఇసుకలో పీతలకు వదిలేశాం. మేకులు ఎంత దిగ్గొట్టినా ఇసుకలో నిలవక ఒక తాడు సరుగుడు చెట్టుకు, ఒకటి కారు డోరు హ్యాండిల్‌కు కట్టాం. తెల్లారుజామున ఎవరో నీళ్లసీసా కోసం డోరు తీశారు. ఇల్లు మా మీద పడింది.

ఇక పద్యానికి ప్రాణమైన నాలుగో పాదం. ‘అలలకేమి ఖర్చు’ అనడం అర్ధసత్యం. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో గాలికి పుట్టిన అల వేల కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతం దాకా వస్తుంది. దానికి ఆయిలక్కర్లేదు, దారిలో టోలుగేటు లేదు. దాన్ని కలుసుకోవడానికి మనం పోయేది మాత్రం సుమారు 350 కిలోమీటర్లు, రానూపోనూ 700. లీటరుకు 18 ఇచ్చే బండికి 39 లీటర్లు. లీటరు వంద చొప్పున 3,900, తలా 975. ఒళ్లు తడవకముందే సగం బడ్జెట్ ఆవిరి. దారిలో అన్నవరం ప్రసాదం ఒక్కటే పద్యం హద్దులో ఉంది. ఆకులో కట్టిన ఆ వేడి గోధుమనూక ముద్ద లేకపోతే ఈ టీక రాసే ఓపిక కూడా నాకుండేది కాదు.

సర్ఫింగు నేర్పే కుర్రాడు ముందు ఒడ్డునే ఇసుకలో బోర్డు ఆకారం గీశాడు. ‘పడుకో అన్నా, చేతుల్తో లాగు, లే’ అంటూ పదిసార్లు లేపాడు. ఇసుకలో పదికి పది. నీళ్లలో నడుము లోతు దాటొద్దన్నాడు. అక్కడ నీరు లోపలికి లాగేస్తుంది. మొదటి అల నన్ను బోర్డు మీంచి తీసి, ముక్కులో ఉప్పునీళ్లు పోసి, చీలమండకు కట్టిన తాడు సాగి వెనక్కి వచ్చిన అదే బోర్డును నా మోకాలికి తగిలించి పోయింది. పదకొండో అలకు మోకాళ్ల దాకా లేచి, చేతులు ముందుకు చాపి ఒడ్డుదాకా జారాను. అది లేవడం కిందికొస్తుందా, నమస్కారం కిందికొస్తుందా అన్నది పండితులు తేల్చాలి. కిందనుంచి నీళ్లు నన్ను ఎత్తి తోసిన ఆ మూడు సెకన్లకు మాత్రం ‘హాయిహాయి’లో ద్విరుక్తి పాదపూరణ కాదని ఒప్పుకున్నాను.

పాఠాంతరం: తిరుగు దారిలో, తుని దాటాక, లెక్క తలా 2,860 తేలింది. వెనక సీట్లోంచి ‘తలకు మూడు వేలు దాటరాదు’ అని ఒక పాఠం వినిపించింది. గణాలు సరిపోయాయి, యతి నిలిచింది, కవి వెంటనే అంగీకరించాడు. అదే ఊపులో మేం మొదటి పాదాన్ని ‘టెంటు నాది, కారు కూడ నాదేనురా’ అని దిద్దబోతే మాత్రం, యతి చెడుతుందన్నాడు.